వృక్షజన్య అధిశోషకాలతో ఆహారంలోని విరళ మృత్తికా మూలకాల గుర్తింపు

బియ్యం, పప్పులు, ఆకుకూరలు, తేయాకు వంటి ఆహార పదార్థాలలో లాంథనం, సీరియం, నియోడిమియం మొదలైన విరళ మృత్తికా మూలకాలు లేశమాత్రంగా ఉంటాయి. వీటిని నేరుగా కొలవడం సాధారణ పరికరాలకు సాధ్యం కాదు. అందుచేత ముందుగా ఆహార నమూనాను ద్రావణంగా మార్చి, అందులోని ఈ మూలకాలను వరి ఊక, వేరుశనగ పొట్టు, తుమ్మ బెరడు, పండ్ల తొక్క వంటి వృక్ష పదార్థాల ఉపరితలం మీద పట్టుకొని, తిరిగి కొద్దిపాటి ఆమ్లంలోకి విడిపించి, ఆ తరువాత కొలుస్తారు. ఈ విధంగా ఉపయోగపడే వృక్ష పదార్థాన్ని వృక్షజన్య అధిశోషకం అంటారు. కొలతకు ముందు మూలకాన్ని చిన్న ఘనపరిమాణంలోకి చేర్చే ఈ ప్రక్రియకు పూర్వ సాంద్రీకరణ అని పేరు. ఇందుకు కావలసిన ముడి సరుకు నంద్యాల, ఆళ్లగడ్డ వంటి వ్యవసాయ ప్రాంతాలలో పుష్కలంగా దొరుకుతుంది. పట్టుకోవడం సులభమే, చివరకు వచ్చిన అంకె తిండిదా, దుమ్ముదా, ఆ ఊకదేనా అని తేల్చడమే కష్టం.

విరళ మృత్తికా మూలకాలు

ఆవర్తన పట్టికలో లాంథనం నుండి లుటీషియం వరకు ఉన్న 15 మూలకాలను, వాటితో పాటు స్కాండియం, ఇట్రియంలను కలిపి మొత్తం 17 మూలకాలను విరళ మృత్తికా మూలకాలు అంటారు. ఈ పేరు కొంత తప్పుదారి పట్టించేది. భూమి పైపొరలో సీరియం రాగికి ఇంచుమించు సమానమైన పరిమాణంలో ఉన్నది. అయితే ఇవి బంగారం లాగా ఒకచోట పోగుపడక అన్ని శిలలలోను, మట్టిలోను పలచగా పరచుకొని ఉంటాయి. వీటిలో ప్రొమీథియంకు మాత్రం స్థిరమైన ఐసోటోపు లేనందున అది ఆహార విశ్లేషణలో లెక్కకు రాదు.

వీటి చరిత్ర 1787లో స్వీడన్‌లోని ఇట్టర్‌బీ గనిలో దొరికిన ఒక నల్లని రాయితో మొదలైనది. ఆ రాతి నుండి 1794లో గడోలిన్ ఒక కొత్త 'మృత్తిక'ను వేరు చేశాడు. సీరియం ఉనికి 1803లోను, లాంథనం ఉనికి 1839లోను తెలిసింది. ఒకదానికొకటి ఎంత దగ్గర పోలిక ఉన్న మూలకాలంటే, వీటన్నిటినీ విడదీయడానికి రసాయన శాస్త్రజ్ఞులకు వంద సంవత్సరాలకు పైగా పట్టింది. 1940లలో అమెరికాలో అయాన్ వినిమయ రెజిన్లను ఉపయోగించిన తరువాతే వేరుచేయడం సులభసాధ్యమైనది. ఘన పదార్థపు ఉపరితలం మీద అయాన్‌ను పట్టుకొని, తగిన ద్రావణంతో విడిపించడమే అక్కడి కిటుకు. ఊకతోను, బెరడుతోను చేసే పని కూడా మూలంలో అదే.

భారతదేశంలో వీటి ప్రధాన ఖనిజం మోనజైట్. ఇది విరళ మృత్తికల ఫాస్ఫేటు. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు తిరువాంకూరు నుండి ఎగుమతి అయిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకలో దీనిని గుర్తించాడు. పీచు ఆ ఇసుకను అధిశోషించలేదు, ఇసుక కేవలం అంటుకున్నది; అయినప్పటికీ ఈ దేశపు విరళ మృత్తికల కథ ఒక మొక్క నారతో మొదలు కావడం విశేషం. ఆంధ్రప్రదేశ్‌లో భీమునిపట్నం మొదలైన చోట్ల తీరపు ఇసుకలో మోనజైట్ కలదు. రాయలసీమలో అనంతపురం జిల్లాలోని ఆల్కలీ సయనైట్ శిలలలో విరళ మృత్తికలు ఉన్నట్లు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 2023లో వెల్లడించింది.

నంద్యాల ప్రాంతపు శిల, నేల

నంద్యాల 2022 ఏప్రిల్ 4న పూర్వపు కర్నూలు జిల్లా నుండి విడివడి జిల్లా కేంద్రమైనది. ఆళ్లగడ్డ ఈ జిల్లాలోని పట్టణం. శిల్పకళకు, సమీపంలోని అహోబిల క్షేత్రానికి ప్రసిద్ధి. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే ఈ మైదానం భూవిజ్ఞానంలో కూడా పేరున్నది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలాసమూహాలను వివరిస్తూ ప్రచురించిన గ్రంథం నుండి నేటి వరకు ఇక్కడి ఊళ్ల పేర్లే రాతి పొరల పేర్లు: బనగానపల్లె క్వార్ట్‌జైట్, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్.

షేల్ అనగా బంకమట్టి గట్టిపడి ఏర్పడిన పొరల రాయి. విరళ మృత్తికల అధ్యయనంలో దీనికి ప్రత్యేక స్థానం ఉన్నది. ఎన్నో ప్రాంతాల నుండి కొట్టుకొచ్చిన మట్టి కలిసిపోయి ఏర్పడినది కాబట్టి, ఖండాల పైపొరకు షేల్‌ను సగటు నమూనాగా తీసుకుంటారు. ప్రపంచమంతటా కొలమానంగా వాడే ఆస్ట్రేలియా షేల్ సగటులో లాంథనం కిలోకు సుమారు 38 మిల్లీగ్రాములు, సీరియం 80 మిల్లీగ్రాములు, నియోడిమియం 34 మిల్లీగ్రాములు ఉంటాయి. సున్నపురాతిలో ఇవి సాధారణంగా ఇంతకన్నా తక్కువ.

నంద్యాల మైదానంలో అధిక భాగం నల్లరేగడి. ఇది బంకమట్టి పాలు ఎక్కువగా, సున్నం కలిసి, కొంత క్షారగుణంతో ఉండే నేల. విరళ మృత్తికల అయాన్లు బంకమట్టికి గట్టిగా అంటుకుంటాయి. క్షార నేలలో అవి ఫాస్ఫేట్లుగా, కార్బోనేట్లుగా, హైడ్రాక్సైడ్లుగా కరగని రూపం దాల్చుతాయి. కాబట్టి నేలలో ఎంత ఉన్నదో చూసి పంటలో ఎంత ఉంటుందో చెప్పడానికి వీలులేదు. ఆమ్ల నేలలో పెరిగే తేయాకు మొక్కకు అందినంతగా రేగడిలో పెరిగే శనగ మొక్కకు అందదు.

ఇక్కడ పండే పంటలు కూడా విశ్లేషణకు తగిన వైవిధ్యం కలవి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి వరి ఈ ప్రాంతపు కాలువల కింద విస్తారంగా సాగై, కర్నూలు సోనగా, నంద్యాల సోనగా పేరు తెచ్చుకున్నది. 1906లో ఏర్పడిన నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి 'నరసింహ' పత్తి, 'సూర్యనంది' కొర్ర, యంత్రంతో కోయడానికి అనువుగా నిటారుగా పెరిగే 'ఎన్‌బీఈజీ 47' శనగ వంటి రకాలు వెలువడినవి. మహానంది అరటి, బనగానపల్లె మామిడి సరేసరి.

ఆహారంలోకి చేరే మార్గాలు

మొదటి మార్గం నేల. వేరు పీల్చుకున్న దానిలో అధిక భాగం వేరులోనే నిలిచిపోతుంది. ఆ తరువాత ఆకులలోను, కాండంలోను, అన్నిటికన్నా తక్కువగా గింజలోను చేరుతుంది. వరిలో పై పొరలైన ఊక, తవుడులతో పోలిస్తే పాలిష్ పట్టిన బియ్యంలో చాలా తక్కువ.

రెండవది ఎరువు. ఫాస్ఫేటు ఎరువులకు మూలమైన రాతి ఫాస్ఫేటులో విరళ మృత్తికలు సహజంగానే ఉంటాయి. ఆ రాయి తవ్విన చోటును బట్టి వాటి పరిమాణం కిలోకు వందల మిల్లీగ్రాములు, కొన్ని నిక్షేపాలలో అంతకు పదింతలు కూడా ఉంటుంది. చైనాలో దిగుబడి పెంచడానికి విరళ మృత్తికల లవణాలనే సూక్ష్మ ఎరువులుగా కొన్ని దశాబ్దాల పాటు పొలాలలో చల్లారు.

మూడవది ఆధునిక జీవనం. ఎమ్మారై పరీక్షలో రోగికి ఎక్కించే గడోలినియం సంయోగాలు మూత్రం ద్వారా మురుగునీటిలోకి, అక్కడి నుండి నదులలోకి చేరుతున్నట్లు 1996లో జర్మన్ శాస్త్రజ్ఞులు బెర్లిన్ పరిసరాలలో కనుగొన్నారు. 2019లో ఆ దేశపు ఆరు పెద్ద నగరాలలో కుళాయి నీటితో తయారయ్యే శీతల పానీయాలలో కూడా ఈ గడోలినియం కనిపించింది.

నాల్గవది దుమ్ము. దీనికి విశ్లేషణలో ఉన్న ప్రాముఖ్యం దృష్ట్యా ఇది దిగువన మరల ప్రస్తావనకు వస్తుంది.

ఆరోగ్యంపై ప్రభావం

విరళ మృత్తికలకు మానవ శరీరంలో తెలిసిన అవసరం ఏదీ లేదు. నోటి ద్వారా తీసుకున్నప్పుడు ఇవి పేగుల గుండా రక్తంలోకి దాదాపు చేరవు. మూత్రపిండాల వ్యాధిగ్రస్తులలో ఫాస్ఫేటును తగ్గించడానికి వాడే లాంథనం కార్బొనేట్ అనే మందు (అమెరికాలో 2004లో అనుమతి పొందినది) ఈ గుణం మీదనే ఆధారపడి ఉన్నది. లాంథనం ఆహారంలోని ఫాస్ఫేటుతో కలిసి కరగని పదార్థమై మలంతో బయటకు పోతుంది. రక్తంలోకి చేరేది నూటికి 0.01 వంతు కన్నా తక్కువ. రోజుకు గ్రాముల కొద్దీ లాంథనం మింగే రోగులున్నప్పుడు బియ్యంలోని మైక్రోగ్రాముల గురించి భయపడడం తొందరపాటే అవుతుంది.

అయినంతమాత్రాన విషయం ముగిసిపోలేదు. కేరళలో ఒకప్పుడు తరచుగా కనిపించిన ఎండోమయోకార్డియల్ ఫైబ్రోసిస్ అనే గుండె జబ్బును పరిశీలిస్తూ తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన ఎం. ఎస్. వలియత్తాన్ బృందం 1980లలో ఒక భూరసాయన ప్రతిపాదన చేసింది. మోనజైట్ ఇసుక ఉన్న నేలలో పండిన దుంపల ద్వారా సీరియం శరీరంలోకి చేరుతుందని, ఆహారంలో మెగ్నీషియం కొరవడినప్పుడు అది గుండె కండరానికి హాని చేస్తుందని దాని సారాంశం. రోగుల గుండె కణజాలంలో సీరియం ఎక్కువగా ఉన్నట్లు వారు చూపారు. ఈ జబ్బుకు పోషకాహార లోపం, పరాన్నజీవులు, ఇస్నోఫిల్ కణాల పెరుగుదల వంటి ఇతర కారణాలు కూడా ప్రతిపాదించబడ్డాయి. సీరియమే కారణమన్నది రుజువు కాలేదు. కాని ఇటువంటి ప్రశ్న తలెత్తినప్పుడు సమాధానం చెప్పాలంటే తిండిలో ఎంత ఉన్నదో నమ్మదగిన అంకె చేతిలో ఉండాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార కూర్పు పట్టికలు 528 ఆహార పదార్థాలకు ఇనుము, జింకు, సెలీనియం మాత్రమే కాక సీసం, ఆర్సెనిక్, కాడ్మియంల విలువలు కూడా ఇచ్చాయి. విరళ మృత్తికలకు మాత్రం అందులో గడి లేదు.

సాంద్రీకరణ ఎందుకు?

ఒక చిన్న లెక్కతో ఇది బోధపడుతుంది. కిలో బియ్యంలో 5 మైక్రోగ్రాముల సీరియం ఉన్నదనుకుందాం. ఒక గ్రాము బియ్యంలో ఉండేది 5 నానోగ్రాములు. దానిని ఆమ్లంలో జీర్ణం చేసి 50 మిల్లీలీటర్లకు పలుచన చేస్తే లీటరుకు 0.1 మైక్రోగ్రాము గాఢత వస్తుంది. ప్లాస్మా ఉద్గార వర్ణపటమాపకం (ఐసీపీ-ఓఈఎస్) సీరియంను కొన్ని మైక్రోగ్రాముల గాఢత నుండి మాత్రమే గుర్తించగలదు. కాబట్టి పరికరం 'లేదు' అని చెబుతుంది. ఇక్కడ 'లేదు' అంటే 'కనబడలేదు' అనే అర్థం తప్ప నిజంగా లేదని కాదు.

అదే 10 గ్రాముల బియ్యాన్ని తీసుకొని, అందులోని 50 నానోగ్రాముల సీరియంను అధిశోషకం మీద పట్టి, 2 మిల్లీలీటర్ల ఆమ్లంలోకి విడిపిస్తే గాఢత లీటరుకు 25 మైక్రోగ్రాములు అవుతుంది. అదే పరికరం దీనిని సులువుగా చూపుతుంది.

ప్లాస్మా ద్రవ్యరాశి వర్ణపటమాపకం (ఐసీపీ-ఎంఎస్) లీటరుకు నానోగ్రాముల స్థాయిలో కూడా కొలవగలదు గనుక, అది ఉన్నచోట సాంద్రీకరణ అంత అవసరం కాదు. కాని దాని ఖరీదు, నిర్వహణ వ్యయం జిల్లా స్థాయి కళాశాలలకు అందుబాటులో లేనివి. వృక్షజన్య అధిశోషకాల మీద ఆసక్తికి అసలు కారణం ఇదే.

మొక్క పదార్థం అయాన్‌ను ఎలా పట్టుకుంటుంది?

ఒక పదార్థం మరొకదాని లోపలికి ఇంకిపోతే శోషణ అని, ఉపరితలం మీద మాత్రమే నిలిస్తే అధిశోషణం అని అంటారు. దూది నీటిని పీల్చడం మొదటిది. నీటి శుద్ధి యంత్రాలలోని కొబ్బరి చిప్ప బొగ్గు వాసనను, రంగును పట్టడం రెండవది. బురద నీటిని తేర్చడానికి కుండ లోపల చిల్లగింజను అరగదీసే ప్రాచీన పద్ధతిని కొందరు అధిశోషణానికి ఉదాహరణగా చెబుతారు గాని, అక్కడ ప్రధానంగా జరిగేది బురద కణాలు ఒకదానితో ఒకటి కలిసి అడుగుకు చేరడం. సుశ్రుత సంహితలో 'కతకం'గా ప్రస్తావించబడినది ఈ గింజే.

మొక్కల కణకవచంలో సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్, పెక్టిన్ ఉంటాయి. పెక్టిన్‌లోని కార్బాక్సిల్ సమూహాలు, లిగ్నిన్‌లోని, టానిన్‌లలోని ఫినాల్ సమూహాలు ఆక్సిజన్ ద్వారా లోహ అయాన్లతో బంధం ఏర్పరుస్తాయి. మూడు ధనావేశాలు గల విరళ మృత్తికా అయాన్లకు ఆక్సిజన్ అంటే మక్కువ ఎక్కువ. సోడియం, పొటాషియం వంటి ఒక ఆవేశపు అయాన్ల కన్నా, కాల్షియం వంటి రెండు ఆవేశాల అయాన్ల కన్నా ఇవి గట్టిగా నిలుస్తాయి.

తెలుగువారికి ఈ రసాయన శాస్త్రం కొత్తది కాదు. కలంకారీ వస్త్రాన్ని ముందుగా కరక్కాయ రసంలో నానబెడతారు. కరక్కాయలోని టానిన్ నూలును పట్టుకొని ఉంటుంది. దానిమీద ఇనుప ద్రావణంతో గీసినప్పుడు ఇనుము టానిన్‌తో కలిసి చెరగని నల్లని గీత ఏర్పడుతుంది. పటికలోని అల్యూమినియం ఎర్ర రంగును నిలబెట్టేదీ ఇదే తీరులో. ఇనుము, అల్యూమినియం కూడా మూడు ఆవేశాల అయాన్లే. కరక్కాయ, తుమ్మ బెరడు వంటి టానిన్ అధికంగా గల పదార్థాలు లాంథనంను పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఇబ్బంది ఏమంటే ఇనుమును, అల్యూమినియంను కూడా అంతే ఇష్టంగా పట్టుకుంటాయి, ఆహారంలో అవి విరళ మృత్తికల కన్నా వేల రెట్లు ఎక్కువ.

విదేశాలలో ఈ దిశగా పలు పదార్థాలు పరీక్షించబడినవి. కెనడాలో సర్గాసమ్ అనే సముద్రపు నాచు, టర్కీలో ప్లటానస్ చెట్టు ఆకుల పొడి, ఇరాన్‌లో ద్రాక్షపనస పండు తొక్క లాంథనం, సీరియం వంటి వాటిని నీటి నుండి తొలగించినట్లు పరిశోధనా పత్రాలు వెలువడ్డాయి. వీటిలో చాలావరకు వ్యర్థజలాల నుండి లోహాన్ని తిరిగి రాబట్టే ఉద్దేశంతో చేసినవి. అక్కడ ఒక గ్రాము పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు పట్టగలదన్నది ముఖ్యం. ఆహార విశ్లేషణలో పట్టవలసినది నానోగ్రాములే గనుక సామర్థ్యం గురించి చింత లేదు. ఉన్నదంతా పట్టిందా, పట్టినదంతా వదిలిందా అన్నదే ముఖ్యం.

పద్ధతి

అధిశోషకం తయారీ. ఊక లేదా పొట్టును నీటితో కడిగి ఆరబెట్టి, పొడి చేసి, జల్లెడ పట్టి ఒకే పరిమాణపు రేణువులను ఎంచుకుంటారు. తరువాత పలుచని హైడ్రోక్లోరిక్ లేదా నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, శుద్ధజలంతో ఆమ్లం పూర్తిగా పోయేవరకు కడుగుతారు. ఆమ్లంతో కడగడం మామూలు శుభ్రత కోసం కాదు. ఆ ఊక కూడా అదే నేలలో పెరిగిన మొక్కది; దానిలో దాని సొంత విరళ మృత్తికలు ఉంటాయి. కిలో ఊకలో 100 మైక్రోగ్రాముల సీరియం ఉందనుకుంటే, పరీక్షకు వాడే అర గ్రాములో 50 నానోగ్రాములు ఉంటాయి. పై ఉదాహరణలో 10 గ్రాముల బియ్యం నుండి వచ్చేదీ అంతే. కడగని ఊకతో కొలిస్తే బియ్యాన్ని కొలుస్తున్నామో ఊకను కొలుస్తున్నామో తెలియదు. బెరడుల విషయంలో టానిన్ నీటిలోకి దిగి ద్రావణానికి రంగు తెస్తుంది. దానిని నిలపడానికి ఫార్మాల్డిహైడ్‌తో చర్య జరుపుతారు.

నమూనా తయారీ. బియ్యాన్ని, పప్పును మఫిల్ కొలిమిలో సుమారు 500 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద బూడిద చేసి నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. లేదా నైట్రిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో నేరుగా జీర్ణం చేస్తారు. పాదరసం, ఆర్సెనిక్‌ల వలె విరళ మృత్తికలు వేడికి ఆవిరై పోవు. ఇది ఈ విశ్లేషణలోని కొద్దిపాటి సౌకర్యాలలో ఒకటి.

పీహెచ్ సవరణ. ద్రావణం పీహెచ్ 2 కన్నా తక్కువగా ఉంటే హైడ్రోజన్ అయాన్లే అధిశోషకం మీది చోట్లను ఆక్రమిస్తాయి. 7 దాటితే విరళ మృత్తికలు హైడ్రాక్సైడ్లుగా అవక్షేపించడం మొదలుపెడతాయి. సాధారణంగా 4 నుండి 6 మధ్య పీహెచ్‌ను ఎసిటేట్ బఫర్‌తో నిలుపుతారు.

ఇక్కడే ధాన్యాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. గింజలలో ఫాస్ఫరస్ ఎక్కువ. బూడిద చేసినప్పుడు అది ఫాస్ఫేటుగా మారుతుంది. విరళ మృత్తికల ఫాస్ఫేట్లు ఎంతగా కరగనివంటే, మోనజైట్ రేణువులు కొండల నుండి సముద్రం దాకా కొట్టుకొచ్చి కూడా చెక్కు చెదరవు. ఆమ్లంలో కరిగి ఉన్నవి పీహెచ్ పెంచగానే ఇనుము, కాల్షియం ఫాస్ఫేట్లతో కలిసి సన్నని మడ్డిగా విడిపోవచ్చు. ఆ మడ్డి ఊక రేణువుల మధ్య చిక్కుకుంటే అధిశోషణం బాగా జరిగినట్లు కనిపిస్తుంది. గాజు గోడకు అంటుకుంటే విలువ తగ్గిపోతుంది. నీటి నమూనాలతో చక్కగా పనిచేసిన పద్ధతి బియ్యంతో విఫలం కావడానికి ఇదొక కారణం. సిట్రేటు వంటివి చేర్చి దీనిని అరికట్టవచ్చు గాని, అవి విరళ మృత్తికలను కూడా ద్రావణంలోనే పట్టి ఉంచి అధిశోషణాన్ని మందగింపజేస్తాయి. మోతాదును ప్రయోగం ద్వారా నిర్ణయించుకోవలసినదే.

అధిశోషణం, విడుదల. సవరించిన ద్రావణాన్ని అధిశోషకం నింపిన సన్నని గొట్టం గుండా నెమ్మదిగా పంపుతారు, లేదా బీకరులో కలిపి నిర్ణీత సమయం కదిలించి వడకడతారు. తరువాత బఫర్‌తో ఒకసారి కడిగితే కాల్షియం, బేరియం చాలావరకు పోతాయి. చివరగా లీటరుకు అర మోల్ నుండి ఒక మోల్ గాఢత గల ఆమ్లాన్ని కొద్ది మిల్లీలీటర్లు పంపితే హైడ్రోజన్ అయాన్లు విరళ మృత్తికలను తోసివేసి బయటకు తెస్తాయి.

కొలత

బయటకు వచ్చిన ద్రావణాన్ని అందుబాటును బట్టి పలు విధాలుగా కొలుస్తారు. అన్నిటికన్నా చవకైనది వర్ణమాపన పద్ధతి. ఆర్సినాజో-3 అనే రంజనం విరళ మృత్తికలతో కలిసి సుమారు 650 నానోమీటర్ల వద్ద కాంతిని గ్రహించే సంయోగాన్ని ఇస్తుంది. డిగ్రీ కళాశాలలోని సాధారణ వర్ణపట కాంతిమాపకం దీనికి చాలు. అయితే ఇది లాంథనంను, సీరియంను వేరుగా చూపలేదు. అన్నిటి మొత్తాన్ని మాత్రమే సూచిస్తుంది. పైగా యురేనియం, థోరియంలతో కూడా రంగునిస్తుంది.

ప్లాస్మా ఉద్గార పద్ధతి ఒక్కొక్క మూలకాన్ని దాని వర్ణరేఖ ద్వారా గుర్తిస్తుంది. ద్రవ్యరాశి పద్ధతి అన్నిటికన్నా సున్నితమైనది గాని దానికీ భ్రాంతులు ఉన్నాయి. ప్లాస్మాలో బేరియం ఆక్సిజన్‌తో కలిసి 151, 153 ద్రవ్యరాశులు గల అయాన్లను ఇస్తుంది. యూరోపియం ద్రవ్యరాశులు కూడా అవే. ఆహారంలో బేరియం యూరోపియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, బేరియం అధికంగా ఉన్న పప్పును యూరోపియం గల పప్పుగా పొరబడే వీలుంది. అందువల్ల ఖరీదైన పరికరం ఉన్నచోట కూడా ముందుగా అధిశోషకంతో బేరియంను తొలగించడం ఉపయోగకరం.

అంకెను నమ్మడం ఎలా?

ఈ విశ్లేషణలో అతి పెద్ద శత్రువు మట్టి. కిలో మట్టిలో సీరియం సుమారు 60 మిల్లీగ్రాములు ఉంటే, 0.1 మిల్లీగ్రాము మట్టిలో 6 నానోగ్రాములు ఉంటుంది. పై ఉదాహరణలోని ఒక గ్రాము బియ్యంలో ఉన్నది 5 నానోగ్రాములే. అనగా కంటికి ఆనని దుమ్ము రేణువులు కొన్ని పడితే చాలు, ఫలితం రెట్టింపవుతుంది. కళ్లంలో నూర్చిన ధాన్యం, మరలో ఆడిన బియ్యం, రాతి ధూళి గాలిలో తేలే శిల్పశాలల వీధిలో ఎండబెట్టిన కొర్రలు – వీటన్నిటిలో పంట పీల్చుకున్నదెంత, పైన పడినదెంత అన్నది తేల్చుకోవాలి. తినేవాడు కడిగి వండుకుంటాడు కాబట్టి నమూనాను కడిగి ఒకసారి, కడగకుండా ఒకసారి కొలవడం మంచి ఆనవాయితీ. స్కాండియం, టైటానియం వంటి, మొక్క దాదాపు పీల్చుకోని మూలకాలను కూడా కొలిస్తే మట్టి పాలు అంచనాకు వస్తుంది.

ప్రతి వరుస పరీక్షలతో పాటు బియ్యం లేకుండా, మిగతా ఆమ్లాలు, బఫర్, అధిశోషకం అన్నీ ఉంచి ఒక ఖాళీ పరీక్ష చేయవలసి ఉంటుంది. ఖాళీ పరీక్ష విలువ నమూనా విలువకు దగ్గరగా ఉంటే ఆ ఫలితానికి అర్థం లేదు. గుర్తింపు అవధి కూడా పరికరాన్ని బట్టి కాక, ఖాళీ పరీక్షల విలువలు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయన్న దానిని బట్టి నిర్ణయమవుతుంది.

తరువాతిది రాబడి పరీక్ష. నమూనాకు తెలిసిన పరిమాణంలో మూలకాన్ని కలిపి మరల కొలుస్తారు. కలపనప్పుడు 48 నానోగ్రాములు, 50 నానోగ్రాములు కలిపిన తరువాత 93 నానోగ్రాములు వస్తే, కలిపిన 50లో 45 తిరిగి వచ్చినట్లు. రాబడి 90 శాతం. మూలకాన్ని బియ్యం బూడిద కాకముందే కలపాలి. చివరి ద్రావణంలో కలిపి 99 శాతం రాబడి అని రాసుకోవడం తేలిక, కాని అది ఫాస్ఫేటు మడ్డిలో పోయినదానిని లెక్కలోకి తీసుకోదు.

మూడవది ప్రామాణిక నమూనా. యూరోపియన్ సంస్థలు తయారుచేసిన బీసీఆర్-670 అనే నీటి మొక్క పొడిలో విరళ మృత్తికల విలువలు ధ్రువీకరించబడి ఉన్నాయి. అమెరికా ప్రమాణాల సంస్థ వారి 1515 సంఖ్య గల ఆపిల్ ఆకుల పొడికి కూడా వీటి సూచనాత్మక విలువలు ఇవ్వబడ్డాయి. కొత్త పద్ధతి వీటిమీద సరైన అంకె ఇచ్చిన తరువాతే నంద్యాల సోన మీద ఇచ్చే అంకెకు విలువ.

ఇవి గాక ప్రకృతి ఉచితంగా ఇచ్చిన పరీక్ష ఒకటి ఉన్నది. సరి పరమాణు సంఖ్య గల మూలకాలు పక్కనున్న బేసి సంఖ్య గల వాటికన్నా ఎక్కువగా ఉంటాయి. సీరియం లాంథనం కన్నా, నియోడిమియం ప్రసియోడిమియం కన్నా ఎక్కువ. కొలిచిన విలువలను షేల్ విలువలతో భాగిస్తే ఈ ఎగుడుదిగుళ్లు పోయి సాఫీ గీత రావాలి. సీరియం, యూరోపియం వేరే సంయోజకతలు కూడా చూపగలవు కాబట్టి అవి గీత నుండి తొలగవచ్చు. గడోలినియం ఆస్పత్రి మురుగు వల్ల పైకి లేవవచ్చు. ఇవేవీ కాకుండా టెర్బియమో, హోల్మియమో ఒంటరిగా ఎగసి కనిపిస్తే అది పంట విశేషం కాదు, ప్రయోగశాల దోషం.

ప్రమాణాలు

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2011 నాటి కలుషితాల నిబంధనలు సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం, తగరం మొదలైన వాటికి గరిష్ఠ పరిమితులు నిర్ణయించాయి. విరళ మృత్తికలకు పరిమితి లేదు. చైనా 2005 నాటి తన జాతీయ ప్రమాణంలో ధాన్యాలు, కూరగాయలు, తేయాకు వంటి వాటికి పరిమితులు విధించింది. తేయాకుకు ఇది ఆక్సైడ్ల రూపంలో కిలోకు 2 మిల్లీగ్రాములు. ఆ దేశపు తేయాకు ఎగుమతులు, దిగుమతుల తనిఖీలలో ఈ నిబంధన చర్చనీయాంశమైనది. ఆహారం ద్వారా అందే పరిమాణం వల్ల ముప్పు స్వల్పమన్న అంచనాతో 2017 సవరణలో ఆ పరిమితులు తొలగించబడ్డాయి.